వీక్లీ సీరియల్స్ చదివి పెరిగాం, ఇప్పుడు ఏం చదవాలో ఎవరిని అడగాలి?

మెహదీపట్నం చదువరి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

పోయిన నెల మా ఏరియాలో కొంతమంది నెలకోసారి కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకుంటారని తెలిసి మొదటిసారి వెళ్ళాను. ఎవరికి బాగా ఇష్టమైన పుస్తకం వాళ్ళు తెచ్చి పది నిమిషాలు చెప్పాలి అన్నారు. నేను మా అమ్మ బైండు చేయించిన సీరియల్ తీసుకెళ్ళాను. అది షాపులో కొన్నది కాదు, నేను పుట్టకముందు వీక్లీలో వారం వారం వచ్చిన పేజీల్ని అమ్మ పిన్నులు ఊడదీసి, వరసలో పెట్టి దాచి, చివరికి అట్ట వేయించింది. పేజీ తిప్పితే వెనక వైపు సగం తెగిపోయిన గుత్తివంకాయ కూర, సబ్బు ప్రకటన, తులారాశి దాకా వచ్చి ఆగిపోయిన వారఫలాలు ఉంటాయి. మధ్యలో రెండు వారాలు పత్రిక దొరకలేదట, పక్కింటి అత్తయ్యగారు వాళ్ళ పుట్టింట్లో చదివొచ్చి కథ చెప్తే అమ్మ రూళ్ళ కాగితాల మీద నీలం ఇంకుతో ఆ రెండు వారాల కథ తన మాటల్లో రాసుకుని సరిగ్గా ఆ చోటే పెట్టి కుట్టించింది. మొత్తం నవల్లో నాకు ఎక్కువ ఇష్టమైన నాలుగు పేజీలు అవే.

ఇదంతా చెప్పడం మొదలుపెట్టానో లేదో, అక్కడ ఒక పెద్దాయన "ఇవన్నీ కాలక్షేపం బఠానీలు కదమ్మా, మనం ఇక్కడ సాహిత్యం గురించి మాట్లాడుకుందాం" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు, రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయన తర్వాత ఒక లిస్టు కూడా ఇచ్చారు, అందులో రెండు చదివాను, ఒకటి నిజంగా గొప్పగా ఉంది, రెండోది అరవై పేజీల దగ్గర ఆగిపోయాను, ఎందుకు గొప్పదో లిస్టులో లేదు, అడిగితే "చదవగా చదవగా తెలుస్తుంది" అన్నారు.

ఇంకోవైపు ఇన్‌స్టాలో రీల్స్ చూసి మూడు పుస్తకాలు కొన్నాను. కాఫీ గ్లాసు పక్కన పుస్తకం, "ఏడిపించేసింది, తప్పకుండా చదవండి", అంతే, నిమిషం అయిపోతుంది. ఎవరు ఏడ్చారో ఎందుకు ఏడ్చారో తెలీదు. మూడింట్లో రెండు నాకు పడలేదు. ఫేస్‌బుక్‌లో చూస్తే ప్రతి కొత్త పుస్తకమూ మైలురాయే, రాసినవాళ్ళూ పొగిడినవాళ్ళూ ఒకరి పోస్టు కింద ఒకరు కనపడతారు.

నేను పరీక్ష రాయడానికి చదవట్లేదు, అలాగని టైంపాస్ కోసం మాత్రమే కూడా కాదు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లాడు పడుకున్నాక ఒక గంట దొరుకుతుంది, ఆ గంటలో కథ నన్ను లాక్కెళ్ళాలి, మర్నాడు బస్సులో కూడా దాని గురించి ఆలోచించాలి. ఇలాంటి మధ్యరకం పాఠకులకి ఇప్పుడు పుస్తకం చెప్పేవాళ్ళు ఎవరు? మీరు ఎవర్ని నమ్ముతున్నారు, ఎందుకు నమ్ముతున్నారు?


తెనాలి మాస్టారు:

అమ్మా, ముందుగా ఆ నాలుగు పేజీలు జాగ్రత్తగా దాచుకో. నలభై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి, ఆ కాగితాల విలువ నాకు తెలుసు.

ఇక బఠానీల మాట. వీక్లీలో వచ్చిందా లేదా అన్నదాన్నిబట్టి సాహిత్యాన్ని తేల్చేట్టయితే చాలా పోగొట్టుకుంటాం. డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు ఇవాళ గొప్ప నవలల జాబితా ఎవరు వేసినా అందులో ఉంటుంది, అది 1957-58 ప్రాంతంలో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చిందే. రంగనాయకమ్మ గారి బలిపీఠం ఆంధ్రప్రభ వీక్లీలో సీరియల్, తర్వాత దానికి రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అప్పట్లో గంభీరమైనదీ, సరదాదీ, కన్నీళ్ళు తెప్పించేదీ అన్నీ ఒకే పత్రికలో పక్కపక్కన ఉండేవి, ఎడిటరు కలిపి వడ్డించేవాడు. పాఠకుడు ఒకదాని కోసం కొని రెండోది కూడా చదివేవాడు. మా ఇంట్లో మా అమ్మ సీరియల్ కోసం తెప్పించేది, నాన్న విద్వాన్ విశ్వం గారి మాణిక్యవీణ శీర్షిక కోసం, నేను కార్టూన్ల కోసం మొదలుపెట్టి చివరికి అట్ట నుంచి అట్ట దాకా చదివేవాణ్ణి.

నువ్వు ఎవర్ని నమ్మాలి అని అడిగావు కదా, నేను నమ్మిన ఒకరి గురించి చెప్తాను. మాలతీ చందూర్ గారు. ప్రమదావనం శీర్షిక ఆంధ్రప్రభలో దశాబ్దాల తరబడి నడిపారు, వంటల దగ్గర్నుంచి కాపురంలో కష్టాల దాకా జవాబులు రాసేవారు, అందుకని ఆవిడ్ని చాలామంది పండితులు వంటల రచయిత్రి అని పక్కన పెట్టారు. 1992లో హృదయనేత్రికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది అనుకో, అది వేరే సంగతి. నేను చెప్పేది స్వాతి మంత్లీలో ఆవిడ రాసిన పాత కెరటాలు గురించి. నెలకొక ఇంగ్లీషు నవల. రివ్యూ కాదమ్మా అది. కథ మొత్తం మొదట్నుంచి చివరిదాకా కూచోబెట్టి చెప్పినట్టు చెప్పేవారు, ఎవరు ఎవరితో ఏమన్నారో, ఆ ఊళ్ళో చలి ఎట్లా ఉంటుందో, ఆ పిల్ల ఎందుకు పెళ్ళి వద్దందో. ముగింపు కూడా చెప్పేసేవారు. ఇప్పటివాళ్ళు స్పాయిలర్ అని గోల పెడతారేమో కానీ, ముగింపు తెలిశాక కూడా ఆ పుస్తకం చదవాలనిపించడమే ఆవిడ గొప్పతనం. అలా చదివి చదివి ఒక నవల పేరు చీటీ మీద రాసుకుని బ్రాంచి లైబ్రరీకి వెళ్ళి, దుమ్ము దులిపి తీసి, శంకరనారాయణ డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. నా జీవితంలో మొదటి ఇంగ్లీషు నవల అది. కథ ముందే తెలుసు కాబట్టి తెలీని మాటలు దాటుకుంటూ వెళ్ళగలిగాను, తెలీకపోతే పది పేజీల్లో వదిలేసేవాణ్ణి.

కాబట్టి నా లెక్క ఏంటంటే, పుస్తకం చెప్పేవాడు గొప్పా కాదా అన్న తీర్పు ముందు ఇవ్వకూడదు, నా చెయ్యి పట్టుకుని నేను ఉన్న మెట్టు మీద నుంచి పై మెట్టుకి ఎక్కించాలి. లిస్టు ఇచ్చి ఊరుకునేవాళ్ళూ ఆ పని చెయ్యరు, నిమిషంలో ముగించేవాళ్ళూ ఆ పని చెయ్యరు.


ఊరూరా పుస్తకం:

మాస్టారు గారి మాటకి ఎక్కువ భాగం ఒప్పుకుంటాను కానీ ఒకటి మాత్రం చెప్పాలి. వీక్లీల కాలాన్ని మరీ బంగారంలా చూడొద్దండి. 80ల్లో సర్క్యులేషన్ పెంచుకోడానికి చేతబడులు, క్షుద్ర శక్తులు వారం వారం వండి వడ్డించింది కూడా ఆ పత్రికలే. ఆంధ్రభూమిలో యండమూరి గారి తులసిదళం నవల వస్తున్నప్పుడు మా మేనత్త రాత్రిపూట పెరట్లోకి వెళ్ళేది కాదు, ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా ఎవరో చేయించారు అనేవాళ్ళు. దాని మీద రంగనాయకమ్మ గారు "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని ఏకంగా పుస్తకమే రాశారు. అది పండితుల అహంకారం కాదు, చదివిన మనిషి బుర్రలోకి ఏం వెళ్తోందో పట్టించుకోవడం. లాక్కెళ్ళే శక్తి ఎంత ఉందో అంత జాగ్రత్తగా అడగాలి ఎటు లాక్కెళ్తోంది అని.

అక్కా, మీరు వెళ్ళిన చోట ఆ పెద్దాయన అలా మాట అనేసి ఊరుకోవడం తప్పే. రంగనాయకమ్మ గారు ఆ నవలని చదివారు, వివరంగా చదివారు, చదివి ఎక్కడ ఏం తప్పో చూపించారు. మీ అమ్మగారి నవల ఆయన చదివారా? చదివి విమర్శించినవాళ్ళని, నాకు నచ్చిన పుస్తకాన్ని తిట్టినా సరే, నమ్ముతాను. చదవకుండా పొగిడేవాళ్ళని అస్సలు నమ్మను. ఆవిష్కరణ సభల్లో వేదిక మీద కూచుని "నిన్న రాత్రే పుస్తకం అందింది, పూర్తిగా చూడలేకపోయాను, అయినా" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడినవాళ్ళని కనీసం పదిసార్లు విన్నాను.


లైబ్రరీ తాళం చెవులు:

నేను కరీంనగర్ దిక్కు ఒక శాఖా గ్రంథాలయంల పని చేస్తున్న. పుస్తకాల గురించి ఇంత మాట్లాడుతున్నరు గానీ పుస్తకం కొనేటోళ్ళ గురించే మాట్లాడుతున్నరు. కొననోళ్ళ సంగతి జెప్త.

ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడ్తరు, అది మీరు గూడ కడ్తున్నరు, రెండు రాష్ట్రాల్ల అంతే. అంటే మా బీరువాల పుస్తకం మీదే. కానీ పొద్దుగాల తలుపు తీసేసరికి వచ్చేటోళ్ళు అందరు గ్రూప్స్ పిల్లలు, కానిస్టేబుల్ పరీక్షల పిల్లలు, కుర్చీలు సాల్తలేవు, వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటరు. వాళ్ళను నేను తప్పు పడ్తలేను, ఇంట్ల చదువుకునే జాగ లేక వస్తరు. నవలల బీరువా మాత్రం వెనుక రూంల ఉండె, తాళం ఏసి ఉండె, నేను వచ్చిన కొత్తల రిజిస్టర్ చూస్తే నెలకు నాలుగు నవలలు గూడ పోయినట్టు లేదు.

నేను చేసింది పెద్ద పనేం కాదు. తాళం తీసిన. బీరువాను ముందట రూంకు తెచ్చిన. ఎవలన్న ఒక నవల తిరిగి ఇచ్చేటప్పుడు ఒక చిట్టి మీద రెండు మాటలు రాయమన్న, పేరు అవసరం లేదు, ఎట్ల ఉందో రాస్తే సాలు. ఆ చిట్టి ఆ పుస్తకం లోపట అట్టకు అంటిస్త. ఒకామె, బీడీలు చేసే ఆమె, యద్దనపూడి సులోచనారాణి గారి నవల చదివి "ఈ పిల్లకు ఆత్మాభిమానం ఉంది, నాకు నచ్చింది, గని కారు ఉన్నోడే దొరకాల్నా" అని రాసింది. నేను ఆ చిట్టి తీసుకపోయి మా ఇంట్ల సూపెట్టిన. అంత సక్కటి విమర్శ నేను పేపర్ల గూడ చదవలే. మల్ల అదే ఆమె "ఇట్లాంటిదే గని పేదోళ్ళది ఉందా" అని అడిగింది, నేను అల్లం రాజయ్య గారి కథలు ఇచ్చిన. వారం దినాలకు తెచ్చింది, చిట్టి మీద "ఇది మా ఊరే" అని రాసింది.

మేడమ్, మీరు అడిగినదానికి జవాబు ఇదే నా దగ్గర ఉన్నది. పుస్తకం చెప్పేటోళ్ళను ఎక్కడనో దేవులాడుడు ఎందుకు, మీకంటే ముందు ఆ పుస్తకం పట్టుకపోయినోళ్ళే చెప్తరు.


తెనాలి మాస్టారు:

"కారు ఉన్నోడే దొరకాల్నా". బాబూ, ఆ చిట్టీలు ఒక్కటి కూడా పారెయ్యకు. యద్దనపూడి గారి సెక్రటరీ నవల 60ల్లో జ్యోతి మంత్లీలో వచ్చినప్పటి నుంచీ ఈ ప్రశ్న ఎంతమంది ఎన్ని వ్యాసాల్లో అడిగారో, ఆవిడ ఒక్క వాక్యంలో అడిగింది.


హిందూపురం రీడర్:

అక్కా మీరంతా పుస్తకాలు పుస్తకాలు అంటాండారు, నేను మొత్తం ఫోన్లోనే చదువుతా. ప్రతిలిపి అని కథల యాప్ ఉంది, దాంట్లో. మా అమ్మ కాలంలో వీక్లీ ఎట్లనో నాకు ఇప్పుడు అది అట్ల. రాత్రి కొత్త భాగం వచ్చిందంటే నోటిఫికేషన్ వస్తాది, చదివేసి కింద కామెంట్ పెడతా, రాసినామె జవాబు కూడా ఇస్తాది. ఒకసారి కథలో అత్త పాత్ర మరీ చెడ్డగా ఉందని చానామంది రాస్తే ఆమె తరువాతి భాగంలో ఆ అత్త చిన్నప్పటి సంగతి పెట్టింది, చదివి మేమంతా ఏడ్చినాము.

నాకు అక్కడ దారి చూపేది ఎవరంటే కామెంట్లలో రోజూ కనపడే నలుగురైదుగురు. వాళ్ళ పేర్లు కూడా నిజమైనవి కాదేమో కానీ వాళ్ళ టేస్టు నాకు తెలుసు, వాళ్ళు ఎవరిని ఫాలో అవుతాండారో చూసి నేనూ చదువుతా. స్టార్లు చూసుకుని మోసపోవద్దండి, అందరికీ ఐదు స్టార్లే ఉంటాయి. కామెంట్ పొడుగ్గా ఉంటే చదవండి, ఫలానా చోట నాకు ఇట్ల అనిపించింది అని రాసినారంటే వాళ్ళు నిజంగా చదివినట్టు.

ఒక్క బాధ మాత్రం ఉంది. నేను మూడేళ్ళు చదివినా ఆ యాప్ బయట ఏముందో నాకు ఎవరూ చెప్పలే. ఒక కథ అయిపోతే అట్లాంటిదే ఇంకొకటి చూపిస్తాది, అది అయిపోతే మళ్ళా అట్లాంటిదే. మాస్టారు గారు చెప్పిన మెట్టు మాట చదివినాక నాకు అదే అనిపించింది, నేను మూడేళ్ళ నుంచి ఒకే మెట్టు మీద ఉండాను, చాలా బాగుండాది ఆ మెట్టు, కానీ పైన ఏముందో చూడాలని ఉంది. కరీంనగర్ అన్నా, ఆ బీడీలామెకి ఇచ్చిన కథలు నాకు కూడా కావాల, ఎక్కడ దొరుకుతాయి?


న్యూజెర్సీ తెలుగు:

ఆలస్యంగా చూశాను ఈ పోస్టు. ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే ఈ గొడవ మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రే 1996లో తన టీవీ షోలో బుక్ క్లబ్ మొదలుపెట్టింది, ఆమె ఒక నవల ఎంచుకుంటే చాలు లక్షల కాపీలు అమ్ముడుపోయేవి. 2001లో జొనాథన్ ఫ్రాంజెన్ అనే రచయిత నవల ఎంచుకుంది, ఆయనేమో తన పుస్తకం మీద ఆమె క్లబ్ ముద్ర ఉండటం ఇబ్బందిగా ఉందన్నట్టు మాట్లాడాడు, ఆమె ఆయన్ని షోకి పిలవడం మానేసింది. 2010లో ఆమె మళ్ళీ ఆయన ఇంకో నవలని ఎంచుకుంది, ఈసారి ఆయన వెళ్ళాడు. అదే క్లబ్ టోనీ మారిసన్ నవలల్ని కూడా మామూలు గృహిణుల చేతుల్లో పెట్టింది, నోబెల్ వచ్చిన రచయిత్రి, అంత తేలిగ్గా కొరుకుడుపడే పుస్తకాలు కావవి. ఆ ఆడవాళ్ళు చదవలేరని ఎవరూ ముందే తేల్చలేదు, అది నాకు నచ్చింది.

మన భాషలో నేను నమ్మేది కిరణ్ ప్రభ గారి టాక్ షోలు. కాలిఫోర్నియా నుంచి 2007 నుంచీ కౌముది వెబ్ మంత్లీ నడుపుతున్నాయన. ఒక రచయిత గురించి మొదలుపెడితే ఒక్కోసారి భాగాలు భాగాలుగా, గంటల తరబడి చెప్తారు, ఏ కథ ఎప్పుడు రాశారు, అప్పుడు ఇంట్లో పరిస్థితి ఏంటి, ఎవరితో స్నేహం ఎవరితో గొడవ. నేను రోజూ రానూపోనూ రెండు గంటలు డ్రైవ్ చేస్తాను, ఆ రెండు గంటల్లో నేను విని, తర్వాత హైదరాబాద్ వచ్చినప్పుడు కాచిగూడ నవోదయలో వెతికి కొనుక్కున్న పుస్తకాలు ఇప్పుడు మా ఇంట్లో రెండు అరలు ఉన్నాయి. మాస్టారు గారు పాత కెరటాల గురించి రాసింది చదువుతుంటే, నాకు ఈయన గొంతు అలాగే కదా అనిపించింది. టైం తీసుకుని చెప్తారు. తొందర లేదు.

ఇంకోటి, పుస్తకం.నెట్ 2009 నుంచీ ఉంది, అందులో మామూలు పాఠకులు రాసిన పాత పరిచయాలు వెతికి చదవండి. రచయిత స్నేహితులు కాదు, చదివి ఊరుకోలేక రాసినవాళ్ళు ఎక్కువ. కథలైతే 1990 నుంచీ ఏటా కథాసాహితి వాళ్ళు వేసే సంకలనాలు, ఏదో ఒక సంవత్సరంది తెచ్చుకుని అందులో నచ్చిన ఒక్క రచయితని పట్టుకుని వెళ్ళండి, పన్నెండు కథల్లో మూడు నచ్చితే చాలు, ఆ ముగ్గురు వేరే ముగ్గురి దగ్గరికి తీసుకెళ్తారు.


లైబ్రరీ తాళం చెవులు:

హిందూపురం చెల్లె, మీ ఊరి లైబ్రరీల ముందు అడుగు. కథల సంపుటాలు కొన్ని ఉంటయి, బీరువా తీయమను, తాళం లేదు అంటే ఉందని చెప్పు. లేకపోతే డిసెంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఎన్టీఆర్ స్టేడియంల, జనవరి మొదట్ల విజయవాడల, రెండు చోట్ల పాత పుస్తకాల స్టాళ్ళు ఉంటయి, అక్కడ సగం ధరకు దొరుకుతయి.


ఊరూరా పుస్తకం:

చతుర, విపుల ఎవరూ తల్చుకోలేదే. నెలకొక పూర్తి నవల చతురలో, దేశదేశాల కథలు విపులలో, బస్టాండు బంకులో దొరికేవి. 2021లో ఆగిపోయాయి. పాత సంచికలు కిలోల లెక్కన అమ్మేస్తున్నారు ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద, నేను పోయినవారం ముప్పై తెచ్చుకున్నాను. విపుల ఒక్కటి తీస్తే అందులో మలయాళం కథ, బెంగాలీ కథ, రష్యన్ కథ, అన్నీ తెలుగులో. హిందూపురం చెల్లెమ్మ చెప్పిన పై మెట్టు అంటే నాకు అదే గుర్తొచ్చింది. కావాలంటే నా దగ్గర రెండేసి కాపీలున్నవి పోస్టులో పంపుతాను.


మెహదీపట్నం చదువరి:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. రెండ్రోజుల నుంచి అన్నీ చదువుతూనే ఉన్నాను.

ఊరూరా పుస్తకం గారూ, మీరన్నాక నాకూ ఒక ప్రశ్న వచ్చింది, అమ్మ నవల నేను నచ్చింది నచ్చింది అంటున్నానే కానీ మళ్ళీ చదివి పదిహేనేళ్ళయింది. నిన్న రాత్రి మళ్ళీ మొదలుపెట్టాను. కొన్ని చోట్ల ఇప్పుడు ఒప్పుకోలేకపోయాను, హీరో ఆ అమ్మాయిని చెంపదెబ్బ కొడితే ఆమె దాన్ని ప్రేమ అనుకోవడం చదివి పుస్తకం మూసేశాను కాసేపు. అప్పుడు అమ్మ రాసిన పేజీల దగ్గరికి వెళ్ళి చూశాను. ఇన్నేళ్ళు గమనించలేదు, ఆ రెండు వారాల్లో అమ్మ రాసిన కథలో ఆ అమ్మాయి అతనితో ఎదురు మాట్లాడుతుంది, "నన్ను అడక్కుండా నువ్వెలా నిర్ణయిస్తావు" అంటుంది. తర్వాత ప్రింటు పేజీల్లో మళ్ళీ తలొంచుకునే ఉంటుంది.

పొద్దున్నే ఫోన్ చేసి అడిగాను, అత్తయ్యగారు అలాగే చెప్పారా, నువ్వే మార్చావా అని. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గుర్తులేదే, అలా అంటే బాగుంటుందనిపించి ఉంటుంది" అంది.

వచ్చే నెల మీటింగుకి అదే బైండు మళ్ళీ తీసుకెళ్తున్నాను. ఈసారి ఆ నాలుగు పేజీలూ పైకి చదువుతాను. మాస్టారు గారూ, పాత కెరటాలు పుస్తకంగా వచ్చింది ఇప్పుడు దొరుకుతోందా, తెలిస్తే చెప్పండి.